నా పేరు మీదున్న రక్తం మా ఆవిడది

కార్మిక ఆరోగ్య అధికారి గారి సముఖమునకు,
పాత బ్యాటరీల కార్ఖానాలో సీసపు కొలిమి కార్మికుడు, టోకెన్ నలభై ఒకటి, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా పేరున వచ్చిన రక్తపరీక్ష ఫలితమును నా భార్యకు మార్చుట గురించి.

1. నేను పందొమ్మిదేళ్ళుగా సీసం కరిగిస్తున్నాను. కార్ఖానాలో బట్టలుతికే గది ఉన్నది. అందులో విరిగిన కుర్చీలు భద్రపరచినందున పనిబట్టలు ఇంటికి తీసుకుపొమ్మని నోటీసు అంటించారు. అన్నేళ్ళూ వాటిని దులిపి ఉతికినది నా భార్య.

2. ఆమె దర్జీ. నిరుడు ఒక చొక్కాకు రెండు చేతులూ కుడివే కుట్టినది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. తర్వాత తర్వాత సూదిలో దారం ఎక్కించి, ఇక ఏం చేయాలో తోచక అలాగే కూర్చోసాగినది.

3. ఆమెను చూపించగా డాక్టరమ్మ గారు మాకు అర్థమయ్యేలా చెప్పారు. "మెదడులో రక్తనాళాలకి లోపలివైపు ఒక్క వరస కణాలుంటాయి. సందు లేకుండా అతుక్కుని కాపలా కాస్తాయి. సీసం ఆ అతుకులు వదులు చేస్తుంది. రక్తంలోనే ఉండాల్సినవి మెదడులోకి ఊరతాయి. ముందు రక్తపరీక్ష చేయించండి."

4. ఆమెకు ఆ పరీక్ష చేయించమని తమ కార్యాలయమునకు వచ్చాను. గుమాస్తా గారు అడిగారు.
"ఆవిడ ఏ షిఫ్టు?"
"ఇంటి దగ్గరేనండీ."
"రిజిస్టర్లో పేరుందా?"
"మా ఇంట్లో రిజిస్టర్ లేదండీ."
"కార్మికురాలు కాదు" అని వ్రాసి ముద్ర వేశారు. ముద్ర బాగా పడలేదని మళ్ళీ వేశారు.

5. కావున, ఆరు నెలలకొకసారి నాకు జరిగే పరీక్షకు నా చీటీ ఇచ్చి ఆమెను పంపాను. రక్తం తీసే ఆయన తలెత్తలేదు. ఫలితములో "పురుషుడు, వయసు నలభై ఆరు, సీసం ఉండదగినదానికి మూడింతలు" అని వచ్చినది. తాము దయతో నన్ను కొలిమి నుండి తప్పించి, సోమవారం ఆసుపత్రిలో చేరమని ఉత్తర్వు ఇచ్చారు.

6. నేను చేసినది మోసమే. ఒప్పుకుంటున్నాను. అయితే ఆ ఆసుపత్రి మంచం, ఆ రక్తం ఎవరిదో వారికి ఇప్పించవలెను. సోమవారం ఆమె వస్తుంది. పురుషుడు కాదన్న కారణముతో వెనక్కి పంపవద్దని ప్రార్థన.

ఇంతకుమించి దాచినదేమీ లేదని మనవి. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
టోకెన్ నలభై ఒకటి

తా.క.: అయ్యగారూ, ఇది నేను రాస్తున్నా, ఆయన భార్యని. ఆయన నన్ను పంపలేదండీ. వద్దు, పట్టుకుంటారు అని ఒకటే గోల. చీటీ లాక్కుని నేనే వెళ్ళా. తిట్టాలంటే నన్ను తిట్టండి. కానీ నా మూలాన ఆయనకి పరీక్ష జరగలేదు. సోమవారం ఆయన రక్తం కూడా తీయండి. మొన్న పొద్దున్నే నేను కాఫీ ఇస్తుంటే, "వదినా, మా ఆవిడ ఏదీ, కనబడదేం?" అన్నారు. ఇక్కడే ఉంది, వస్తుంది, తాగండి అన్నాను.