ఉత్త నాడె

భవాని పేట్,
షోలాపూర్.

నేత సంఘం కార్యదర్శి దత్తాత్రి గారికి నమస్కారం.

లాక్‌డౌన్‌లో మగ్గం ఆగిన ఇళ్ళకు ప్రభుత్వం ఇచ్చే సాయంలో మా పేరు కొట్టేశారని తెలిసింది. విచారణకు వచ్చిన మీ మనిషితో పక్కింటి సావిత్రక్క, "మగ్గం బంద్ యాడున్నది సాబ్? రోజు పొద్దుమీకంగ మోగుతనే ఉంటది, మా చెవులు పోతున్నయ్!" అన్నదట. ఆమె అబద్ధం చెప్పలేదు.

మా ఆయన కరోనాతో పోయినప్పటి నుంచి ఆ మగ్గం మీద అంగుళం బట్ట పెరగలేదు. నాకు నేత రాదు. చదువుకున్నదానివని ఆయన నన్నెప్పుడూ మగ్గం మీద కూర్చోనివ్వలేదు. సాయంత్రమైతే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. అందుకని మగ్గంలో అడ్డపోగు వేసే నాడెను, నూలు లేకుండా ఉత్తదే, అటూ ఇటూ ఆడిస్తాను. ఇదివరకు ఆ చప్పుడు వంటింట్లోంచి వినేదాన్ని. ఇప్పుడు నేనే ఆడిస్తుంటే, ఆయన అక్కడున్నారని అనుకోవడానికి మనసు ఒప్పుకోవడం లేదు. అయినా మానలేకపోతున్నాను.

దీన్ని మగ్గం నడవడం అంటారో, ఆగడం అంటారో నాకే తెలియడం లేదు. సాయం రాకపోతే మాత్రం మగ్గం అమ్మక తప్పదు.

మీరే ఒక సాయంత్రం రండి. చప్పుడు విని గల్లీలోంచే వెనక్కి పోకండి. లోపలికి వచ్చి, ఎంత నేశానో చూడండి. చాయ్ పెడతాను.

ఇట్లు,
మీ సంఘ సభ్యుడి భార్య