సెన్సర్ మీద తెల్లపూత

మార్చి 3, ఆదివారం

కారులో పసుపు లైటు వెలిగి వారమైంది. స్కానర్ పెట్టి చూస్తే ఆక్సిజన్ సెన్సర్ పోయిందట. పోయిన నెల సర్వీసు చేసింది మా తమ్ముడే. నేను ఊరుకుంటానా? తిన్నగా వాడు పనిచేసే గ్యారేజీ ఓనర్‌కే ఫోన్ చేశాను. పని రానివాళ్ళని ఇంజన్ల మీద చెయ్యి వేయనివ్వకండి అన్నాను. తమ్ముడైతే మాత్రం? పని పనే.

మార్చి 5, మంగళవారం

అమ్మ ఫోన్. తమ్ముడిని ఇంజన్ పని మాన్పించి కార్లు కడిగే చోట వేశారట. పన్నెండేళ్ళు పానా పట్టిన చేతికి నీళ్ళ పైపు ఇచ్చారని ఏడ్చింది. నీ నోటికి తాళం లేదే అంది. వాడు చెడగొడితే నన్నంటావేమిటని అరిచి పెట్టేశాను.

మార్చి 9, శనివారం

కొత్త సెన్సర్ తెచ్చాను. రేపు నేనే మారుస్తాను. ఇంట్లో కుళాయి, కుక్కరు, ఇస్త్రీపెట్టె అన్నీ నా చేతి మీదే నడుస్తున్నాయి, ఇదెంత? కారుని కూడా వదలవా అన్నారు మా ఆయన.

మార్చి 10, ఉదయం 7

ఇంజన్ చల్లగా ఉంది. బ్యాటరీ వైరు తీసేశాను. ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టానికి బిగించి ఉంది సెన్సర్. తుప్పు వదిలే స్ప్రే కొట్టి అరగంట ఆగాలి. ఆగుతూ ఇది రాస్తున్నాను. మా ఆయన టార్చి పట్టుకుని ఆవలిస్తున్నారు.

10 గంటలు

ఊడింది. మసి పట్టి నల్లగా ఉంటుందనుకున్నాను. మొన అంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. స్పేర్ పార్ట్స్ షాపతనికి ఫోటో పంపాను. ఇంజన్ మీద సందులు పూడ్చే బాత్రూమ్ సీలెంట్ ఏమైనా పూశారా మేడమ్ అనడిగాడు. దాని ఆవిరి సెన్సర్‌ని చంపేస్తుందట.

పూశాను. నేనే పూశాను.

సర్వీసు రోజునే తమ్ముడు చెప్పాడు. ఇంజన్ మూత అంచున కాస్త ఆయిల్ చెమరుస్తోంది, వచ్చే నెల దాని కింద గాస్కెట్ రబ్బరు మారుస్తా, అప్పటిదాకా నువ్వు ముట్టుకోకక్కా అని. ఇంతోటిదానికి వాడెందుకని, సింకుకి వాడగా మిగిలిన ట్యూబు తెచ్చి మూత చుట్టూ పూసేశాను. మర్చిపోయాను కూడా. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. ఛీ, తోడబుట్టినవాడి పొట్ట కొట్టాను.

ఆ పూతంతా గీకేసి, కొత్తది బిగించాను. లైటు ఆరిపోయింది. మా ఆయన చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది.

మార్చి 11, సోమవారం

గ్యారేజీకి వెళ్ళి చెప్పాలి. వెళ్ళలేదు. తలనొప్పి అని రాద్దామనుకున్నాను. తలనొప్పీ లేదు, పాడూ లేదు. సిగ్గు.

మార్చి 12

ఇవాళ కూడా వెళ్ళలేదు.

మార్చి 14, గురువారం

వెళ్ళాను. పాత సెన్సర్ ఓనర్ బల్ల మీద పెట్టి, అందరూ వింటుండగా తప్పు నాదేనని చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఈ మాట సోమవారం చెప్పుంటే బాగుండేదమ్మా, మంగళవారమే మానేశాడు అన్నాడు. వస్తే మళ్ళీ ఇంజన్ పనే ఇస్తానన్నాడు. తమ్ముడికి పదకొండు సార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మార్చి 17, ఆదివారం

వాళ్ళింటికి వెళ్ళాను. మరదలు గుమ్మంలోనే నిలబడింది. ఆయన లేరు వదినా అంది. వాడి చెప్పులు అక్కడే ఉన్నాయి. లోపలికి వినబడేలా గట్టిగా చెప్పాను, తప్పంతా నాదేరా, ఓనర్ రమ్మంటున్నాడు, వెళ్ళరా అని. లోపల టీవీ సౌండు పెరిగింది. మంచినీళ్ళు తాగుతారా అనడిగింది మరదలు. వద్దన్నాను.

ఏప్రిల్ 2

బెల్ మోగితే తలుపు తీశాను. మా ఆయన ఆర్డర్ చేసిన బూట్లు. తెచ్చింది తమ్ముడు. నా వైపు చూడలేదు. ఇక్కడ సంతకం పెట్టండి మేడమ్ అన్నాడు.

పెట్టాను.