రెల్లు కట్టిన గుమ్మం

జూలై 6, 2004. మంగళవారం

చేతిరాత బాగోదు. తప్పులు కూడా ఉంటాయి. మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివాను, తరువాత గొర్రెలు కాశాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి ఫరవాలేదు. అయినా క్షమించాలి.

లిపువో అమ్మ పోయిందని రేడియోలో చెప్పారు. తెల్లవాళ్ళు వెళ్ళాక మా లెసోతో దేశంలో నర్సులందరికీ పెద్దగా కూర్చున్న మొదటి మనిషి ఆమేనన్నారు. కొండల్లో గుర్రం మీద తిరిగి కాన్పులు చేసిన రోజుల గురించి కూడా చెప్పారు. ఆ గుర్రాన్ని పట్టుకుని ముందు నడిచినవాడి పేరు చెప్పలేదు. మంచిదే.

జూలై 8

ఆమె చెల్లెలి కొడుకు కారులో వచ్చాడు. తాతా, పెద్దమ్మతో ఆ రోజుల్లో పనిచేసినవాళ్ళలో మిగిలింది నువ్వొక్కడివే, శనివారం కాదు పై శనివారం ఖననం, ఐదు నిమిషాలు మాట్లాడు చాలు అన్నాడు. నాకు మాట్లాడటం రాదన్నాను. గుర్రాలతో మాట్లాడేవాడివిగా, మేమూ అంతే అనుకో అని నవ్వాడు. ప్రోగ్రామ్ కాగితంలో నా పేరు అచ్చు కూడా వేసేశారు. ఆమెతో పనిచేసినవారు: లెఫా రామొకాయి.

నర్సులందరూ నడుం సంచులు కట్టుకుని వస్తారట. రక్తం ఆపే ఇంజెక్షన్ నర్సు ఒంటిమీదే ఉండాలి, గుర్రం మీద కాదు, ఇంకొకరి చేతిలో కాదు. ఆ రూలు లిపువో అమ్మదే. దానివల్ల ఎంతమంది తల్లులు బతికారో అన్నాడు. అసలు పెద్దమ్మకి ఆ ఆలోచన ఎలా వచ్చింది తాతా అని అడిగాడు.

గుర్రానికి నీళ్ళు పెట్టాలని లేచి వెళ్ళిపోయాను.

నాకిప్పుడు గుర్రం లేదు.

జూలై 9

రాయాలి. రేపు రాస్తాను.

జూలై 10

1961 ఆగస్టు, మా కొండల్లో చలికాలం. మోకాలి దాకా మంచు. పై ఊళ్ళో కాన్పు. మందుల సంచి జీనుకి కట్టి ఉంది. నేను గుర్రంతో బయట ఉన్నాను.

ఆడపిల్ల పుట్టింది. ముసలమ్మలు గుమ్మం మీద రెల్లు కట్టారు. రెల్లు కట్టాక మగవాడు గడప దాటకూడదు. తరువాత నీళ్ళ కుండ తీసుకుని అందరూ కిందికి పోయారు, తండ్రి మీద పోయడానికి. మగపిల్లాడైతే కర్రతో రెండు తగిలిస్తారు, ఆడపిల్లయితే నీళ్ళు పోస్తారు. మా దగ్గర తండ్రికి కబురు చెప్పడం అలాగే. లోపల బాలింతా బిడ్డా, లిపువో అమ్మా మిగిలారు.

అప్పుడు రక్తం మొదలైంది. లెఫా, సంచి తే అని కేక వేసింది. విప్పి తీసుకెళ్ళి గడప మీద పెట్టాను. లోపలికి తేరా, నా రెండు చేతులూ ఆమె పొట్ట మీదున్నాయి, తీస్తే మనిషి పోతుంది అంది.

ఐదడుగులు. అంతే దూరం.

పైన రెల్లు ఉంది. లోపల బట్ట సరిగా లేని ఆడమనిషి ఉంది. వెళితే బిడ్డకి కీడని ఆగానని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అది కాదు. సిగ్గు.

ఆడవాళ్ళని పిలుస్తానని కిందికి వెళ్ళాను. పరుగెత్తలేదు కూడా. వాళ్ళు తండ్రిని నిలువునా తడిపి, ఆడపిల్లరోయ్, ఇక నీ దొడ్డి నిండా పిల్లకోసం అల్లుడిచ్చే ఆవులే అని ఎగతాళి చేస్తున్నారు. అందరూ నవ్వుతున్నారు. మధ్యలో ఎలా మాట్లాడాలో తెలియలేదు. నవ్వులు ఆగేదాకా నిలబడ్డాను.

పైకి వచ్చేసరికి అయిపోయింది.

తెల్ల డాక్టరు అడిగితే, సంచి విప్పడం తనకే ఆలస్యమైందని లిపువో అమ్మ చెప్పింది. రిపోర్టులో అలాగే రాసింది. నా వైపు చూడలేదు. అందుకు ఆమెని ఇంగ్లండు చదువుకి పంపడం రెండేళ్ళు ఆపేశారు. మరుసటి నెల జీను గుడ్డతో నడుం సంచి తనే కుట్టుకుంది. దాన్ని తట్టి చూపించి, ఇక నీతో పనిలేదు లెఫా, వెళ్ళి గుర్రాన్ని మేపుకో అని నవ్వింది. నేనూ నవ్వాను.

జూలై 13

వ్యానులో పై ఊరికి వెళ్ళాను. ఆ రోజు పుట్టిన పిల్ల కెనెవే. ఇప్పుడు నలభై దాటాయి. మేక ఉన్ని వడుకుతోంది.

ఖననానికి రమ్మన్నాను. రానంది. మా అమ్మ చచ్చిపోతుంటే సంచి విప్పడానికి తీరిక లేకపోయిందట ఆవిడకి, మా అమ్మమ్మ ముందు తనే ఒప్పుకుంది, అలాంటిదాని మీద నేను మట్టి వెయ్యాలా తాతా అంది. ప్రతి చలికాలం దుప్పటి పంపేది, ప్రతిసారీ తిప్పి పంపానంది. నువ్వు మాత్రం మంచులో పడి పరుగెత్తి ఆడవాళ్ళని పిలుచుకొచ్చావట, అమ్మమ్మ ఎప్పుడూ చెప్పేది, ఇంకో గిన్నె తాగు తాతా అని అంబలి పోసింది.

తాగాను.

జూలై 17. శనివారం

కెనెవే రాలేదు.

నా పేరు పిలిచారు. కుర్చీ నుంచి మైక్ దాకా వెళ్ళాను. ఎదురుగా వందలమంది నర్సులు, అందరి నడుముకీ సంచి. ఆమె మంచి మనిషి, నేను గుర్రం పట్టుకునేవాణ్ణి అన్నాను. ఇంకేమీ రాలేదు. దుఃఖమనుకుని అందరూ పాట అందుకున్నారు. ఒక నర్సు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

తరువాత చెల్లెలి కొడుకు ఒక ట్రంకుపెట్టె చూపించాడు. నిండా కొత్త దుప్పట్లు, మడత విప్పనివి. ఎవరికోసం కొన్నదో తెలియడం లేదు తాతా అన్నాడు. ఒకటి అడిగి తీసుకున్నాను. ముసలాడికి చలేస్తోందనుకున్నాడు.

జూలై 19

కెనెవే తల్లీ,

ఈ పుస్తకం, ఈ దుప్పటి బుధవారం వ్యానులో నీకు వస్తాయి. పదో తేదీది చదువు. మిగతాది వదిలేసినా సరే. సమాధి మీద రాళ్ళు ఇంకా పేర్చలేదు, నెల ఆగుతారు, అప్పటిదాకా మట్టి వెయ్యొచ్చు.

దుప్పటి ఆమెది, ఉంచుకో. పుస్తకం నాది, కాల్చెయ్యాలనిపిస్తే కాల్చెయ్. వ్యాను గురువారం తిరిగి కిందికి దిగుతుంది. తొందరగా జవాబు రాయి.