బీబమ్మ పిల్లి

జూన్ 13, 1971. ఆదివారం

మున్నీ వచ్చింది. వెదురుబుట్టలో, మీద ఓణీ కట్టి. బీబమ్మే పటాన్‌చెరు నుంచి రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ప్లాంటు క్వార్టరు దొరికేదాకా నాలుగేళ్ళు ఆవిడ ఇంట్లోనే కిరాయికి ఉన్నాం. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక జహీరాబాదులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. అల్లుడు కోళ్ళు పెంచుతాడు, పిల్లిని గడప తొక్కనివ్వడట.

బుట్ట సుభద్రకి ఇస్తుందనుకున్నాను. నా చేతుల్లో పెట్టింది.

"ఇది తప్పిపోయిన తొమ్మిది దినాలు నాతోని గల్లీ గల్లీ తిరిగినవ్ బిడ్డా. నీకు గాక ఇంకెవ్వలకియ్యాలె?"

తల ఎత్తలేకపోయాను. సుభద్ర మురిసిపోయింది, మొగుణ్ణి మెచ్చుకున్నారని. బుట్ట లోపల మాత్రం కదలికే లేదు.

జూన్ 14

సామాన్ల గదిలో పెట్టాం. బియ్యం డబ్బా వెనక దూరింది. పాలు అలాగే ఉన్నాయి. తలుపు ఇవతల మా గౌరి తోక బుర్రున పొంగించి కాపలా. ఆరేళ్ళుగా మాకు పిల్లైనా పాపైనా అదే. వేరే పిల్లి వాసన దానికి గిట్టడం లేదు.

సుభద్ర లోపలికి వెళ్తే మున్నీ ఊరుకుంటుంది. నేను గుమ్మంలో నిలబడితే చాలు, గొంతులోంచి ఒక చప్పుడు...

"మిమ్మల్ని మరిచిపోయినట్టుంది పాపం" అంది సుభద్ర.

మరిచిపోలేదు.

జూన్ 16

ఎవరికీ చెప్పలేదు. ఇక్కడైనా రాయాలి.

అరవై తొమ్మిది చలికాలం. మున్నీ అప్పుడు భయమంటే ఎరగదు. బీబమ్మ వాటా నుంచి గోడ దూకి వచ్చి మా పాలు తాగేది. ఒకరోజు గౌరి చెవి చీల్చింది. సుభద్ర రెండు రోజులు సరిగా తినలేదు. బీబమ్మతో చెప్పడానికి మొహమాటం... కిరాయికి ఉన్నవాళ్ళం. మా ఊళ్ళో ఇలాంటి పిల్లిని గోనెసంచిలో వేసి, సంచిని మూడుసార్లు గిర్రున తిప్పి, దూరంగా వదిలేస్తారు. దిక్కు తప్పి తిరిగి రాదని. నాన్న చేస్తుంటే చూశాను. నేనూ అదే చేశాను.

సైకిలు క్యారియరు మీద కట్టి, పాశమైలారం దాటాక జొన్నచేల దగ్గర ఆపాను. దారంతా లోపల అరుస్తూనే ఉంది. సంచిలో వేసేటప్పుడే గీరకుండా వెనక కాళ్ళు రెండూ కట్టాను, నేను పనిచేసే ప్లాంటు స్టోర్సులో మూటలు కట్టే ఎర్రపోగు పురికొసతో. ఒక కాలు విప్పేసరికి చెయ్యి కొరికింది. రెండో కాలికి తాడు వేలాడుతుండగానే చేలో పడి పారిపోయింది. చేతికి ఏమైందంటే పెట్టె మేకు గీరిందన్నాను.

మర్నాడు బీబమ్మ వీధిలో నిలబడి "మున్నీ, మున్నీ" అని పిలుస్తుంటే ఇంట్లో కూర్చోలేక నేనూ బయలుదేరాను. తొమ్మిది రోజులు. ఎక్కడుందో తెలిసినవాణ్ణి, లేని చోటల్లా వెతికాను. పదో రోజు పొద్దున దానంతటదే వచ్చింది, కుడి వెనక కాలు ఈడ్చుకుంటూ. నేను చూసేసరికి కాలికి తాడు లేదు. ఎక్కడో తెగిపోయిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అలా ఊపిరి పీల్చుకున్నందుకే ఎక్కువ సిగ్గు.

ఆ సాయంత్రం బీబమ్మ గల్లీ అంతా శక్కర్ పంచింది. అందరి ముందూ నా నెత్తిన చెయ్యి పెట్టింది. "నీ కడుపు సల్లగుండ" అంది. ఆ చక్కెర తిన్నాను కూడా.

జూన్ 18

పాలు పోసే లచ్చమ్మ నవ్విందట. "పెరుగన్నం పెడ్తే గా పిల్లి ముడ్తదా అమ్మా? తుర్కోల్లింట్ల పెరిగింది. ఎండుచాపలెయ్యి." జన్మలో చేప ముట్టని సుభద్ర ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లో వేరే కుంపటి మీద ఎండుచేపలు కాల్చింది. మున్నీ గిన్నె నాకేసింది.

సుభద్ర చేసినదాంట్లో నాకూ భాగం ఉన్నట్టు లచ్చమ్మ నన్ను కూడా మెచ్చుకుంది. వద్దని చెప్పే ధైర్యం లేదు.

జూన్ 20. ఆదివారం

వాన. సామాన్ల గది నేలంతా చెమ్మ. బీబమ్మ ఓణీనే మున్నీ పక్కగా వేశాం. చలి తగులుతుందని సుభద్ర దాని కింద గోనెసంచి పరిచింది, మంచికే. మున్నీ ఒక్కసారి వాసన చూసింది... ఇక చూడలేం. గోడకి ఎగబాకింది, పడింది, ఉన్నచోటే ఉచ్చ పోసేసింది. అటక మీదికి ఎలా చేరిందో తెలియదు. సాయంత్రం దాకా దిగలేదు.

"గోనె చూస్తే ఇంత భయమేమిటండీ దీనికి?"

"ఏమో."

ఒక్క మాట. గొంతులోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. సంచి తీసుకెళ్ళి పెంటకుప్పలో పారేశాను. నాకు పిల్లంటే ప్రేమ పెరుగుతోందనుకుంది సుభద్ర.

జూన్ 26

సైకిలు గంట వినపడితే చాలు మాయమవుతోంది. పట్టాల గేటు దగ్గరే దిగి, గంట మోగకుండా పట్టుకుని నడిపించుకొస్తున్నాను. "ఖాకీ చూసి భయపడుతోందేమో" అంది సుభద్ర. పెరట్లోనే ఖాకీ విప్పి లుంగీ కట్టుకుని లోపలికి వెళ్తున్నాను, తేలుకుట్టిన దొంగలా.

జూన్ 30

సుభద్ర ఉపాయం పనిచేస్తోంది. ఒక గుడ్డతో గౌరి బుగ్గలు తుడిచి మున్నీ దగ్గర వేస్తుంది, మున్నీని తుడిచిన గుడ్డ గౌరి దగ్గర. తలుపుకి అటొక గిన్నె, ఇటొక గిన్నె. రోజుకి బెత్తెడు దగ్గరికి జరుపుతుంది. ఇవాళ రెండూ తలుపు సందులోంచి ఒకదాన్నొకటి చూసుకుంటూ తిన్నాయి. గౌరి బుస్సుమంది, కానీ తినడం మానలేదు.

ఇంత ఓపిక ఆ రోజు నాకెందుకు లేకపోయింది...

జూలై 4

నా తొందర వల్ల చెడింది. వారం ఆగుదామంది సుభద్ర. తను నీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళగానే తలుపు తీసేశాను, ఈ బాధ త్వరగా తీరిపోతే చాలని. గౌరి మున్నీ మీదికి దూకింది. మున్నీ తిరగబడలేదు. చెవి చీల్చిన పిల్లి... నేలకి అతుక్కుపోయి కళ్ళు మూసుకుంది. విడదీయబోతే నా చెయ్యి చూసి ఇంకా ముడుచుకుపోయింది. గౌరి కన్నా నేనే దానికి పెద్ద భయం.

సుభద్ర తిట్టలేదు. తలుపు మూసి, మళ్ళీ గిన్నెలు దూరంగా పెట్టి, మొదటి నుంచి మొదలుపెట్టింది.

జూలై 8

బీబమ్మ దగ్గర్నుంచి కార్డు, ఎవరిచేతో రాయించింది. మున్నీ నా చేతిలోంచి తింటోందా, ఒళ్ళో పడుకుంటోందా అని.

జూలై 9

జవాబు రాశాను. ఒళ్ళోనే పడుకుంటోందని.

జూలై 10

కార్డు పోస్టులో పడిపోయింది. ఇక తీసుకోలేను. దాన్ని నిజం చేయాలి, ఇంకో దారి లేదు.

జూలై 17

రోజూ డ్యూటీ దిగాక అరగంట సామాన్ల గదిలో నేల మీద పడుకుంటున్నాను. కళ్ళు మూసుకుని. చేతిలో ఎండుచేప ముక్క. కంపు భరించలేకపోయేవాణ్ణి, అలవాటైంది. అది డబ్బా వెనక, నేను ఇక్కడ. ఇవాళ పైకే అన్నాను, తప్పు చేశానని. గోడ అవతల సుభద్ర వినలేదు కదా అని ముందు ఆ కంగారే పుట్టింది. క్షమాపణ అడిగేటప్పుడు కూడా దొంగబుద్ధి.

జూలై 23

చల్లగా ఏదో వేలికి తగిలింది. కళ్ళు తెరవలేదు. ముక్క తీసుకుపోయింది. పళ్ళు తగలకుండా, ఎంతో మర్యాదగా.

ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు ఇందులో.

ఆగస్టు 1

తలుపు తీసే ఉంచుతున్నాం. గౌరి మంచం మీద, మున్నీ మంచం కింద. ఒకదాని గిన్నెలో ఇంకొకటి తింటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. సుభద్ర గెలిచింది. నా ఒళ్ళోకి మాత్రం రాలేదు.

ఆగస్టు 8. ఆదివారం

బీబమ్మ వాసన పోతుందని రెండు నెలలుగా ఓణీ ఉతకనివ్వలేదు సుభద్ర. ఇవాళ ఉతికింది. కొంగు చివర గట్టిగా ముడి. చిల్లర కట్టుకుని మరిచిపోయిందేమో, రాసి అడుగుదామంటూ విప్పింది.

డబ్బులు కావు. మూరెడు పురికొస. ఎర్రపోగుది. ఒక చివర నా ముడి అలాగే ఉంది, స్టోర్సులో రెండు చుట్లు వేసి లాగే ముడి. తాడు మధ్యలో నల్లగా ఎండిన మరక, దానికి అతుక్కుని మున్నీ తెల్లటి వెంట్రుకలు.

ఇలాంటి తాడే బీబమ్మకి బట్టలారేసుకోవడానికి కట్టిచ్చాను, ఆ ఏడాదే. నా ముడి ఆవిడకి తెలుసు.

సుభద్ర తాడు చూసింది. మున్నీ కుంటి కాలు చూసింది. "మీ స్టోర్సు తాడులా ఉందే" అంది.

"అదే" అన్నాను. ఈసారి ఏమో అనలేదు. మొత్తం చెప్పాను, సంచి, జొన్నచేను, మేకు గీరిన అబద్ధం. గౌరి చెవి కోసమని, తను తిండి మానేసిందని కూడా చెప్పబోయాను.

"నా పేరు ఎత్తకండి" అంది. బట్టలు పిండడానికి వెళ్ళిపోయింది.

ఆగస్టు 9

అన్నం వడ్డించింది. తను పిల్లుల గిన్నెలు నింపడానికి వెళ్ళిపోయింది.

ఒకటే తిరుగుతోంది బుర్రలో. మున్నీ తిరిగొచ్చిన పొద్దున ఎవరూ చూడకముందే ఆ తాడు బీబమ్మే కోసి తీసి ఉంటుంది. అంటే సాయంత్రం శక్కర్ పంచేటప్పటికే తెలుసు. తెలిసే నెత్తిన చెయ్యి పెట్టిందా? తెలిసే తన పిల్లిని తెచ్చి నా చేతుల్లో పెట్టిందా? క్షమించిందో, నన్ను రోజూ దాని కళ్ళ ముందు నిలబెట్టిందో... తాడు కొంగులో మరిచిపోయిందో, పంపిందో.

తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 10

కార్డు. శుక్రవారం వస్తోందట, మున్నీని నా ఒళ్ళో చూసుకోవాలని.

ఆగస్టు 12. గురువారం

సుభద్ర నాలుగు రోజుల తర్వాత నోరు విప్పింది.

"రేపు బస్టాండుకి మీరొక్కరే వెళ్ళండి. చెప్పాల్సింది అక్కడే చెప్పండి. ఇంటికొచ్చాక నా ముందు ఆవిడ ఏమీ అడగదు. మీరూ చెప్పరు."

అని తాడు తెచ్చి ఈ బల్ల మీద పెట్టింది. ఉతకలేదు దాన్ని.

సెలవు పెట్టాను. ఆవిడ బస్సు దిగగానే ఏమనాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. ఒళ్ళో పడుకుంటోందన్న అబద్ధం ముందు చెప్పాలా, ఈ తాడు సంగతి ముందా. బస్టాండులో అంతమంది మధ్య ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చునే ధైర్యం నాకుందా.

ఇది రాస్తుంటే మున్నీ వచ్చింది. కుర్చీకి జానెడు దూరంలో కూర్చుంది, నాకు వీపు పెట్టి, పెరట్లో వాన చూస్తూ. ఇన్నాళ్ళూ నా మీంచి కళ్ళు తిప్పేది కాదు. ఇది నమ్మకమో, ఇక నా మొహం చూడక్కర్లేదనో తెలియడం లేదు. ముట్టుకోలేదు.

తాడు మడిచి రేపు వేసుకునే చొక్కా జేబులో పెట్టాను. బస్సు పదకొండింటికి.