మన ఇంటి కాగితాల్లోంచి తీయించిన వాక్యం

సుజాతా,

ట్రాయ్‌లో మన ఇంటి దస్తావేజులోంచి ఆ వాక్యం ఇవాళ తీయించేశాను. తెల్లవాళ్లు కానివాళ్లు ఈ స్థలంలో కాపురం ఉండకూడదు, పనిమనుషులైతే ఉండొచ్చు అన్న ఆ పాత షరతు.

గృహప్రవేశం నాడు పాలు పొంగేలోగా కాగితాలు తిరగేస్తూ నువ్వే దాన్ని చూశావు. "ఎప్పుడో రాసింది, ఇప్పుడు చెల్లదులే" అన్నాను. "చెల్లనిదాన్ని ఇంకా ఎందుకు ఉంచారు?" అన్నావు. అప్పట్నించీ నేను కంచం సింకులో వదిలేసినప్పుడల్లా, "అవున్లే, ఆ కాగితం నన్ను పనిమనిషిగానేగా ఉండనిచ్చింది" అనేదానివి. నవ్వుతూనే అనేదానివి. మర్చిపోలేదు మాత్రం.

"నాన్నా, అది ఎలాగూ వాలిడ్ కాదు కదా. ఎందుకు అంత డ్రైవ్ చేస్తావ్?" అంది మన అమ్మాయి. నాకూ ఓపిక లేదు. అయినా వెళ్లాను.

కౌంటీ ఆఫీసులో కౌంటర్ దగ్గరున్నావిడ, ఓనర్లు ఇద్దరూ సంతకం పెట్టాలంది. నువ్వు లేవని చెప్పాను. "ఐయామ్ సో సారీ" అని, అలాగైతే ముందు నీ డెత్ సర్టిఫికెట్ రికార్డు చేయించి, ఇల్లు నా ఒక్కడి పేరు మీదికి మార్చుకోవాలంది. ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చిన పని అదే. చేయించాను. ఆ తర్వాతే వాక్యం తీసేశారు.

ఇంటికొచ్చి టీ పెట్టుకున్నాను. కప్పు కడిగి బోర్లించాను.

ఈ ఇంట్లో నువ్వు ఉండకూడదని ఇప్పుడు ఏ కాగితంలోనూ లేదు. నీ పేరూ లేదు.