సైకిళ్ల పాట మీద నా పేరు

భిలాయి స్మృతి నగర్‌లో సొంత ఇంట్లో ఉంటున్న లెంక రజనీకుమారి అనే నేను, కీర్తిశేషులు అప్పలసూరి గారికీ కన్నమ్మ గారికీ పెద్ద కూతుర్ని, అవివాహితను, వయసు యాభై నాలుగు, వృత్తి పాటల వీడియోల దర్శకత్వం, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. వచ్చే నెల నా గుండెలో వాల్వు మారుస్తారట. ఇంతవరకు ఎడమ మోకాలు తప్ప నా ఒంట్లో ఏదీ నా మాట వినకుండా పోలేదు. దీనికి ముందు ఏ వీలునామా రాయలేదు కాబట్టి రద్దు చేయాల్సింది కూడా ఏమీ లేదు.

ఈ కింద రాసినదంతా నా స్వార్జితం. పిత్రార్జితంగా నాకు దక్కింది నాన్న పొడుగు కాళ్లు మాత్రమే. వాటితో నాలుగు వందల మీటర్ల హర్డిల్స్ పరుగెత్తి అప్పటి మధ్యప్రదేశ్‌కు పతకాలు తెచ్చాను. ఆ పతకాల మీద స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. మోకాలు పోటీలకు పనికిరాకుండా పోయాక కెమెరా పట్టి, ఛత్తీస్‌గఢీ పాటలకు ఎనభైకి పైగా వీడియోలు తీశాను. ఈ చుట్టుపక్కల నా పాట మోగని పెళ్లి బారాత్ లేదు. గర్వంగానే చెబుతున్నాను. వీలునామాలో వినయం ఎవరికి పనికొస్తుంది?

1. అమ్మ బతికున్నంత కాలం ఈ ఇల్లు అమ్మదే. ఎంత పెద్ద చుట్టం వచ్చినా కూలరున్న గది ఆమె ఖాళీ చేయనక్కర్లేదు. ఆమె తర్వాత ఇల్లు నా మేనకోడలు, అంటే తమ్ముడు సతీష్‌కుమార్ కూతురు, భాగ్యరేఖకు సర్వహక్కులతో చెందాలి. నేను రాజీనామా ఇచ్చిన రోజు అమ్మ, “ఏటే, పర్మినెంటు నౌకరీ వొదిలీసి గెంతులు తీస్తావా?” అని అన్నం మానేసింది. తర్వాత ప్రతి పాటకూ మొదటి ప్రేక్షకురాలు ఆమే. ఇప్పటికీ టీవీ ముందు కూర్చుని, “ఆ పిల్ల వోణీ జారిపోతంది, కట్ చెయ్యకపోయావేటే” అంటుంది. నా పతకాలు ఆమె పూజగదిలో దేవుళ్ల మెడల్లో ఉన్నాయి. అక్కడే ఉండనివ్వండి.

2. సెక్టర్ 2లో ఉంటున్న నూకమ్మకు నా కుట్టుమిషను, డ్రెస్సుల బీరువా, అందులో ఉన్నవన్నీ. నా డాన్సర్ల బట్టలన్నీ ఆమె కుట్టినవే. ఒకసారి హీరోయిన్ రాకపోతే నూకమ్మనే నిలబెట్టి వెనక నుంచి తీశాను. ఆ పాట చూసిన వాళ్లందరూ ఆ పిల్ల ఎవరని నన్ను అడిగారు. ఆమె రేటు పెంచుతుందని అప్పట్లో చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

3. నా స్పైక్స్ బూట్లు కోచ్ గురుమూర్తి గారికి. “హర్డిల్‌ని ఎగరొద్దమ్మా, దాని మీంచి పరుగెత్తు” అనేవారు. ఎడిటింగులో నాకు తెలిసింది అంతే, పాట పరుగు తగ్గకుండా షాటు మారాలి. ఏ ఫిల్మ్ స్కూల్లో చదివావని అడిగిన వాళ్లకు సార్ పేరే చెప్పాను. నేను నాచ్‌గానాలో పడ్డానని సార్‌కు ఈ రోజుకీ కోపమే. కోపం ఉంచుకోవచ్చు, బూట్లు మాత్రం తీసుకోవాలి.

4. కెమెరాలు, ఎడిటింగ్ కంప్యూటరు, యూట్యూబ్ ఛానెలు, పాటల మీద నాకున్న హక్కులన్నీ భాగ్యరేఖకే. దాని చెయ్యి నా చెయ్యి కంటే చురుకు. ఒకే ఒక్క షరతు ఉంది. ఛానెల్లో మొట్టమొదటిది, ఊరంతా సైకిళ్ల పాట అని పిలిచేది, దాని టైటిల్లో ‘దర్శకత్వం: సతీష్‌కుమార్’ అని ఉంది. అది తీసేసి నా పేరు వేయాలి. ఆ పాట తీసింది నేను.

అప్పటికి ఇంకా ప్లాంటు ఉద్యోగంలోనే ఉన్నాను. బయట పని చేయాలంటే అనుమతి కావాలి. అడిగితే కాదంటారేమోనని సీడీ మీద తమ్ముడి పేరు వేశాను, ఇద్దరం అనుకునే చేశాం. పాట హిట్టయింది. అదే ఏడాది వాడికి విజయనగరం సంబంధం వచ్చింది. ఏ ఉద్యోగమూ లేని వాడికి డైరెక్టరని పిల్లనిచ్చారు. ఇక పేరు వెనక్కి ఇమ్మని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? వాడు ఇంకో పాట తీయలేదు, భిలాయి-3లో టైర్ల షాపు పెట్టుకున్నాడు. నేను అన్ని పాటలు తీసినా, మన తెలుగువాళ్ల ఉగాది సభలో నన్ను పిలిచేది ‘డైరెక్టర్ సతీష్‌కుమార్ గారి దీదీ’ అనే. ఏటేటా కింద కూర్చుని చప్పట్లు కొట్టాను. చేతులు నొప్పెట్టాయి.

ఆ పాటలో షిఫ్టు వదిలాక ప్లాంటు గేటులోంచి సైకిళ్లు గుంపులుగా వస్తుంటే కెమెరా వాటి మధ్య నుంచి పరుగెడుతుంది. ట్రాలీ లేదు, జీపు లేదు. కెమెరాను గుండెకు అదుముకుని నేను పరుగెత్తాను. మా తమ్ముడు రెండో అంతస్తు ఎక్కాలంటే మధ్యలో ఒకసారి కూర్చుంటాడు. ఆ షాటులో సాయంత్రపు ఎండకు రోడ్డు మీద పడిన నీడకు జడ ఉంది. ఇన్నేళ్లలో ఎంతమందో చూశారు, ఒక్కరూ అడగలేదు.

వాడి మీద నాకు కోపం ఉంది, ప్రేమ అంతకంటే ఎక్కువ ఉంది. భాగ్యరేఖ చిన్నప్పటి నుంచీ ఆ పాట మా పప్పా తీశారని స్కూలంతా చెప్పుకుంది, ఆ మురిపెంతోనే ఎడిటింగ్ నేర్చుకుంది. దాని మొహం చూసే ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. కానీ రేపు ఛానెలు నడిపేది అదే. నా పరుగును వాళ్ల నాన్నదనుకుంటూ నడపడం నాకు ఇష్టం లేదు.

5. భాగ్యరేఖకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకని దీన్ని దానికి చదివి వినిపించాల్సింది వాళ్ల నాన్నే. నేను పోయాక కాదు, సంతకాల రోజున, నా ఎదుట. హిందీలోకి మార్చి చెబుతున్నానంటూ ఇబ్బంది ముక్కలు మింగేయడానికి వీల్లేదు. నాతో రిలే పరుగెత్తిన స్నేహితురాలు అహల్య పక్కనే కూర్చుంటుంది. ఈ వీలునామా అమలు చేయించే బాధ్యత కూడా ఆమెదే.

6. సతీష్‌కు ఆస్తి ఏమీ రాయడం లేదు. వాడికి ఇవ్వాల్సింది ఇరవై రెండేళ్ల కిందటే ఇచ్చాను. వాడి నుంచి కోరేది సాక్షి సంతకం ఒక్కటే. చదవలేనంటే వేరే సాక్షిని పిలుస్తాను, షరతు మాత్రం మారదు. అప్పుడూ వాడు నా తమ్ముడే. ఆపరేషన్ రోజు టిఫిన్ తెచ్చేది ఎలాగూ వాడే.

భిలాయి, 2025 నవంబరు 9, ఆదివారం.

(సంతకం) లెంక రజనీకుమారి

సాక్షులు:

అహల్య, ప్లాంటు ఉద్యోగి. రజనీకుమారి నా ఎదుటే సంతకం చేసింది.

లెంక సతీష్‌కుమార్, భిలాయి-3. అక్క సంతకం నా ఎదుటే చేసింది. పాపకి మొత్తం నేనే చదివి వినిపించీసాను, ఏటీ వదల్లేదు. సైకిళ్ల పాట తీసింది మా అక్క.