ముందు గదిలో బల్ల కదపకూడదు

డెబ్బై తొమ్మిదేళ్ళు నిండినదాన్ని, ఈ ఇంటికి పెద్దదాన్ని, వీధి వీధంతా సూదిమామ్మ అని పిలిచేదాన్ని అయిన నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, స్వబుద్ధితో, స్వహస్తాలతో రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. చత్వారం, మోకాళ్ళ నొప్పి ఉన్నాయని అందులో రాశాడు. నోరు మాత్రం నిక్షేపంలా ఉందని పైకి అన్నాడు గాని రాయలేదు. ఇంతకుముందు రాసిన వీలునామా రద్దు. అది రాసిన రోజున అందరి మీదా ప్రేమగా ఉన్నాను, అందుకని తప్పులు దొర్లాయి.

మళ్ళీ ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. చిరిగిన గుడ్డకు చిరుగు జాడ తెలియకుండా పోగులు అల్లడం మా వృత్తి. జనం రఫ్ఫు అంటారు. మా అత్తగారు నాకు నేర్పింది, నేను చిన్నకోడలికి నేర్పాను. మూడు వారాల కిందట నా పెద్దకొడుకు, సంఘానికి పాస్టరు, కుటుంబ ప్రార్థన అయ్యాక ఆ పిల్లతో, “ఎన్నాళ్ళమ్మా ఈ చిరుగులు? ఇకనైనా దేవుని పనికి రా” అన్నాడు. ముందు గదిలో బల్ల తీసేసి, కుర్చీలు వేసి, మైకు పెట్టి ప్రార్థన మందిరం చేద్దామన్నాడు. పన్నెండడుగుల గదికి మైకు ఎందుకో ఆ ప్రభువుకే తెలియాలి. ఆ పిల్ల “అలాగే బావగారూ” అంది. ఆనాటి నుంచి సూది ముట్టలేదు. బల్ల మీద డాక్టరుగారి శాలువా సగం చిరుగుతో అలాగే పడి ఉంది.

ఒకటి. ముందు గది, అందులోని బల్ల, దీపం, సూదుల డబ్బా, నేను కూర్చునే కర్ర కుర్చీ, నా తదనంతరం సర్వహక్కులతో చిన్నకోడలికి చెందాలి. ఆ కుర్చీ ఎవరు కూర్చున్నా కిర్రుమంటుంది. దానికి నూనె పెట్టకూడదు. మా అత్తగారు వంటింట్లో ఉండి ఆ చప్పుడు వినే నేను పనిలో కూర్చున్నానో లేదో కనిపెట్టేది. అప్పట్లో ఒళ్ళు మండేది. తర్వాత నేనూ అలాగే కనిపెట్టాను.

మా ముగ్గురిలోకీ చిన్నకోడలిదే మంచి చెయ్యి. నేను అల్లిన చోటు వెలుతురుకు పెట్టి చూస్తే తెలుస్తుంది, ఆమె అల్లింది తెలియదు. ఈ మాట పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె ముఖాన అనలేదు. “ఫరవాలేదు, పోగు కాస్త బిగిసింది” అనేదాన్ని. పోగు బిగియలేదు. నా నోరే బిగిసింది. పెద్దవాడు ఒక్క మాటతో సూది కింద పెట్టించగలిగాడంటే, ఆ సూదిని నేను ఒక్క మాటతోనైనా ఆమె చేతిలో నిలబెట్టలేదన్నమాట. తప్పు నాది. ఒప్పుకుంటున్నాను.

రెండు. ముప్పై ఏళ్ళ కిందట “ఒక్క పూటకు ఇవ్వండి మామ్మగారూ” అని పట్టుకెళ్ళిన నా పెద్ద కత్తెరను ఎదురింటి దర్జీకి ఇస్తున్నాను. అది ఎలాగూ ఆయన దగ్గరే ఉంది. ఇకనైనా నన్ను చూసి సొరుగు మూయకుండా వాడుకోవచ్చు. నేను చేసిన రఫ్ఫు తను చేసిందని ఖాతాదార్లకు చెప్పుకున్నందుకు కూడా క్షమించాను. కనబడని పని ఎవరిదని చెప్పినా నమ్ముతారు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత ఆయనదే. ఇన్నేళ్ళుగా నా తప్పులు వెతికిన మనిషి, ఇందులో తప్పు జరగనివ్వడు.

మూడు. నా భూతద్దం మనవరాలికి. రోజంతా ఆఫీసులో ఊరివాళ్ళ దరఖాస్తులు సరిచూస్తుంది. “నీ సూదిలో దేవుడున్నాడు సరే నాయనమ్మా, నా ఫైళ్ళలో ఎక్కడున్నాడు?” అని ఎకసెక్కం చేసింది. చిట్టితల్లీ, ఆయన ఫైల్లో ఉండడు, ఆ దరఖాస్తు పెట్టుకున్న మనిషి దగ్గర ఉంటాడు. పక్కకు తోసేముందు ఆ పేరు ఒక్కసారి మనసులో అనుకో. నేనూ అంతే. సూదికి ఎక్కించిన పోగు అయిపోయేదాకా ఆ గుడ్డ తొడుక్కునే మనిషి కోసం ప్రార్థన చేసేదాన్ని. మనిషి తెలియకపోతే చిరుగే చెబుతుంది. మోచేతి దగ్గర చిరిగితే బల్లకానుకుని దిగులుపడే మనిషి. మోకాలి దగ్గరైతే పడ్డవాడో, ప్రార్థించేవాడో. మా పెద్దవాడి ప్యాంట్లు మాత్రం ఎప్పుడూ కూర్చునేచోటే అరిగేవి. వాడి కోసమూ ప్రార్థించాను, ఇంకాస్త పొడుగు పోగు ఎక్కించి.

నాలుగు. బీరువాలో ఉన్న నల్ల కోటు పెద్దవాడికి. దాని కథ రాయక తప్పదు.

పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం పెద్దవాడు ఆ కోటు వేసుకుని ప్రసంగానికి లేచి జేబులో చెయ్యి పెడితే రాసుకున్న ప్రసంగం కాగితాలు లేవు. రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. వేరే దారి లేక, చిన్నప్పుడు ఈ బల్ల కింద కూర్చుని నా పాదాలు చూస్తూ, పైన నేను ఎవరెవరి కోసమో గొణుక్కోవడం విన్న సంగతి చెప్పాడు. తొమ్మిది నిమిషాలు. ఒక్కరూ గడియారం చూడలేదు. గంట కొట్టే తాత కళ్ళు తుడుచుకున్నాడు. వాడు ఏటేటా సాక్ష్యం చెబుతాడు: “ఆ రోజు నా కాగితాలు దేవుడే తీసేశాడు!”

తీసినవాడు దేవుడే, చెయ్యి మాత్రం నాది. ముందు రోజు ఆ కోటు లోపలి జేబు చిరిగిందని ఇచ్చాడు. కాగితాలు లైనింగులోకి జారిపోయాయి. నేను చూడకుండా కుట్టేశాను. చూడకుండా అన్నది మొదటి కుట్టు వరకు నిజం. మూడో కుట్టుకు లోపల కాగితం గరగరలాడింది. చెయ్యి ఆగలేదు.

మా అత్తగారి నియమం ఒకటుంది. చిరుగు అల్లడానికి బయటి దారం తేకూడదు. ఆ గుడ్డ అంచు మడతలోంచే నాలుగు పోగులు లాగాలి. వేరే దారం ఎంత ఖరీదుదైనా రంగు కలవదు. ఒరే పెద్దోడా, నీ కాగితాలన్నీ బయటి దారమే. ఆ రోజొక్కటే నీ మడతలోంచి తీశావు. అవి ఇంకా ఆ లైనింగులోనే ఉన్నాయి. కుట్లు నీ చేత్తో విప్పుకో, మళ్ళీ నీ చేత్తోనే కుట్టుకో. గుండీ కుట్టడం కూడా రాని నీకు అదే నా ఆస్తి. నా భూస్థాపన ప్రార్థనలో ఆ కోటే వేసుకుని, కాగితం లేకుండా మాట్లాడు. తొమ్మిది నిమిషాలు చాలు.

ఐదు. బైబిల్లో వలలు బాగుచేసుకుంటున్న అన్నదమ్ములిద్దరు ప్రభువు పిలవగానే లేచి వెళ్ళారని పెద్దవాడు తరచు ప్రసంగిస్తాడు. వెళ్ళారు, మంచిదే. మరి ఆ సగం చిరుగు ఎవరు కుట్టినట్టు? వాళ్ళ నాన్న పడవలోనే ఉండిపోయాడు. ఆ ముసలాయనను ప్రభువు తప్పుపట్టినట్టు నేనెక్కడా చదవలేదు. కాబట్టి ముందు గదిలో ఆదివారం సాయంత్రాలు ప్రార్థన పెట్టుకోవడానికి పెద్దవాడికి అనుమతి ఉంది. షరతులు: బల్ల కదపకూడదు. మైకు కూడదు. వచ్చినవాళ్ళు, పాస్టరుతో సహా, చేతిలో ఒక చిరిగిన గుడ్డ పట్టుకుని కూర్చోవాలి.

ఆరు. చిన్నకోడలు ఆ బల్ల దగ్గర కూర్చోకపోయినా గది ఆమెదే. ఇందులో షరతు లేదు. వేరే పిలుపు నిజంగా వినబడితే వెళ్ళవచ్చు. అయితే విన్నది ప్రభువు గొంతో, బావగారి గొంతో తేల్చుకుని వెళ్ళాలి.

ఇక ముగించబోతూ ఒక సంగతి. ఈ వీలునామా మొదటి పుట పొద్దున ముందు గదిలో, శాలువా పక్కన మరిచిపోయి వచ్చాను. ఈ వయసులో మరుపు సహజం, దానివల్ల డాక్టరు కాగితానికి భంగం లేదు. తెచ్చుకుందామని లేవబోతుంటే ముందు గదిలో కుర్చీ కిర్రుమంది.

ఆ పుట తర్వాత తెచ్చుకుంటాను.

తేదీ: 12-03-2024, మంగళవారం, పొద్దున పదకొండున్నర.

(సంతకం) సూదిమామ్మ

సాక్షులు:
1. డాక్టరు (శాలువా ఎప్పుడిస్తారని అడగనని మాట ఇచ్చాక సంతకం చేయనిచ్చాను)
2. చర్చి గంట కొట్టే తాత (కోటు సంగతి ఆ ప్రసంగం ఆదివారం నుంచే తనకు తెలుసని ఇప్పుడు చెబుతున్నాడు)